ఆస్కార్ చేపలతో గుడ్లు పెట్టించడం: ట్యాంక్ పక్కన రాసుకున్న లెక్కలు

ఆస్కార్ అమెజాన్ ప్రాంతపు పెద్ద అక్వేరియం చేప, సిక్లిడ్ అనే కుటుంబానిది. ఇంట్లో దాని పిల్లల్ని తీయాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ. పెద్ద సిక్లిడ్ల గురించి ఎవరిని అడిగినా ఒకే మాట చెబుతారు: "చల్లటి నీళ్లు పొయ్యండి, వానాకాలం వచ్చిందనుకుని గుడ్లు పెడతాయి." అబద్ధమేం కాదు. కానీ అది చివర్లో చేసే పని. అంతకన్నా ముందు నిజమైన జత ఉండాలి, నీళ్లు కొలిచి ఉండాలి. నా శ్రమలో ఎక్కువ భాగం ఈ రెండింటికే పోయింది కాబట్టి డైరీ కూడా అక్కడే ఎక్కువ సాగుతుంది.

దశ 1: ట్యాంక్, సామాను

ట్యాంక్ 180 × 60 × 60 సెం.మీ. గుణిస్తే 648 లీటర్లు వస్తుంది. ఆ అంకెను నమ్మకండి. పైన వదిలే ఖాళీ, గాజు మందం, లోపల పెట్టిన రాళ్లు పోగా అసలు నీళ్లెన్నో తెలియాలంటే 20 లీటర్ల బకెట్‌తో నింపి లెక్కపెట్టాలి. 26 బకెట్లు పట్టాయి, అంటే 520 లీటర్లు. మందు మోతాదు, నీళ్ల మార్పు అన్నీ ఇకపై ఈ అంకె మీదే.

ఫిల్టర్లు: క్యానిస్టర్లు (ట్యాంక్ బయట ఉండే డబ్బా ఫిల్టర్లు) రెండు. పీల్చే గొట్టాలకు స్పాంజ్ తొడుగులు. ఒకటి కడిగినప్పుడు రెండోది ముట్టుకోను, లోపల పెరిగి నీళ్లను శుభ్రం చేసే బ్యాక్టీరియా మొత్తం ఒకేసారి పోకూడదు.

హీటర్లు: 300 వాట్లవి రెండు. గాజు హీటర్‌ని ఆస్కార్లు బతకనివ్వవు. తోకతో కొడతాయి, నోటితో లాగుతాయి. పీవీసీ గొట్టానికి చుట్టూ చిల్లులు వేసి, హీటర్‌ని అందులో దూర్చి, గొట్టాన్ని గాజుకు సక్షన్ కప్పులతో బిగించాను. నీళ్లు తీసేముందు ప్లగ్ పీకడం మర్చిపోవద్దు. నీళ్లు దిగి హీటర్ బయటపడితే పగులుతుంది.

అడుగున ఇసుక 2 సెం.మీ. మించలేదు. గుడ్ల కోసం 30 × 30 సెం.మీ. నల్ల పలకరాయి, ఇసుక మీద కాకుండా నేరుగా అడుగు గాజు మీద. ఇసుక మీద పెడితే కింద తవ్వి పడేస్తాయి.

లెక్క: నీళ్లు 520 లీటర్లు. కుళాయి నీళ్లు టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 310 పీపీఎం (లీటరుకు మి.గ్రా.), జీహెచ్ (నీటి కాఠిన్యం) 12, కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్లు) 8. ఆర్‌ఓ నీళ్లు (లవణాలు దాదాపు తీసేసిన ఫిల్టర్ నీళ్లు) టీడీఎస్ 15.

దశ 2: జత

ఆస్కార్లలో ఆడ, మగ తేడా రంగులో ఉండదు, రెక్కల్లో ఉండదు, సైజులోనూ ఉండదు. "పెద్దది మగ, తల గుండ్రంగా ఉన్నది మగ" లాంటివి ఊహలే. అందుకే ఆరు పిల్లల్ని కలిపి పెంచి, వాటంతట అవే జతకట్టే దాకా ఆగడం పాత పద్ధతి. నేనూ అదే చేశాను. ఏడాది దాటాక రెండు విడిపోయి ఓ మూల పట్టుకున్నాయి. మిగతా నాలుగింటిని దగ్గరికి రానివ్వలేదు. దవడలు పట్టుకుని లాక్కోవడం, తోకలతో చరుచుకోవడం, పలక శుభ్రం చేయడం, ఒళ్లు వణికించడం అన్నీ పుస్తకంలో ఉన్నట్టే జరిగాయి. గుడ్లూ వచ్చాయి.

ఆ గుడ్లు ఒక్కటీ పొదగలేదు. తర్వాతి విడతా అంతే. కారణం పలక మీదే ఉంది: గుడ్లు రెండు వేర్వేరు గుంపులుగా ఉన్నాయి, మామూలుగా వచ్చేదానికి దాదాపు రెట్టింపు. రెండో చేప కూడా పలక మీద పొట్ట ఆనించి నడుస్తుంటే అది వీర్యం వదులుతోందని అనుకుంటాం. నిజానికి అదీ గుడ్లే పెడుతోంది. మగచేప లేని చోట రెండు ఆడ ఆస్కార్లు జతలాగే ప్రవర్తించి, కలిసి గుడ్లు పెట్టడం తరచూ జరిగేదే. ప్రవర్తన చూసి జత అని తేల్చకూడదు, గొట్టం చూసి తేల్చాలి.

చూసే పద్ధతి:

1. గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డప్పుడు పొట్ట కింద, మలద్వారం వెనకాల చిన్న గొట్టం దిగుతుంది. పక్కనుంచి ఫోటో తీసి పెద్దది చేసి చూడండి.
2. ఆడదానికి గొట్టం లావుగా, కొస మొద్దుగా ఉంటుంది. మగదానిది సన్నగా, బియ్యపు గింజ మొనలా ఉంటుంది.
3. గొట్టం దిగని రోజుల్లో తేల్చాలంటే తడి వలలో చేపని వెల్లకిలా పట్టుకుని చూడాలి. తలవైపు ఉన్నది మలద్వారం, తోకవైపు ఉన్నది జననరంధ్రం. రెండోది మొదటిదానికన్నా పెద్దగా, గుండ్రంగా ఉంటే ఆడ. చిన్నగా ఉంటే మగ.
4. చేతులు తడిగా ఉండాలి, చేప గాలిలో ఉండేది సెకన్లలోనే ఉండాలి. ముందే ఫోన్ కెమెరా తెరిచి పెట్టుకోండి.

అలా చూస్తే మిగతా నాలుగింటిలో కచ్చితంగా మగది ఒక్కటే తేలింది. మిగిలిన మూడింటికీ రెండో ఆడదానికీ వేరే ట్యాంకుల్లో చోటు చూసి పంపించి, ఈ ట్యాంకులో రెండింటినే ఉంచాను.

వాటిని నేరుగా కలపలేదు, మధ్యలో అడ్డం పెట్టాను. ముందు యాక్రిలిక్ షీట్ వాడితే రెండు తప్పులు బయటపడ్డాయి. ఒకటి, మగచేప గుద్దులకు షీట్ విల్లులా వంగి పక్కన సందు ఏర్పడింది. ఆడచేప అందులో ఇరుక్కుని పక్క పొలుసులు పోగొట్టుకుంది. రెండు, షీట్ అటూ ఇటూ నీళ్లు కలవనివ్వక ఒకవైపు 28 డిగ్రీలు, ఇంకోవైపు 26. దాన్ని తీసేసి, సీలింగ్ లైట్ల కింద బిగించే ప్లాస్టిక్ గళ్ల జాలీని పీవీసీ ఫ్రేముకి కేబుల్ టైలతో కట్టాను. నీళ్లు కలుస్తాయి, ఒకదాన్నొకటి చూసుకుంటాయి, గుద్దినా వంగదు. మూలల్లో ఫ్రేము గాజుకి గట్టిగా ఆనాలి. వేలు దూరే సందు ఉంటే ఆస్కార్ తల దూరుస్తుంది.

జాలీ ఎప్పుడు తీయాలి? రెండూ జాలీకి చెరోవైపు ఆనుకుని పడుకుంటున్నప్పుడు, తిండి వేసినా మగది అటువైపు దూకనప్పుడు. తీశాక దవడలు పట్టుకుంటాయి. పెదవులు కాస్త తెల్లబడితే కంగారు అక్కర్లేదు. ఒకటి రెక్కలు ముడిచి పైమూలలో నిలబడిపోతే మాత్రం జాలీ వెంటనే మళ్లీ దించాలి.

లెక్క: ఆడ 1 (24 సెం.మీ.), మగ 1 (27 సెం.మీ.). ఫలించిన గుడ్లు: 0.

దశ 3: తిండి

దీని మీద పెద్దగా రాసేదేం లేదు. రోజూ పెల్లెట్లు, వారానికి రెండు మూడుసార్లు వానపాములు లేదా పొట్టు తీయని రొయ్యలు, ఒకరోజు ఉపవాసం. బతికున్న చిన్న చేపల్ని వేయను. వాటితో పరాన్నజీవులొస్తాయి. పైగా గోల్డ్‌ఫిష్ లాంటి వాటిలో ఉండే థయామినేజ్ అనే ఎంజైమ్ విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. మాంసం ముక్కలూ వద్దు, ఆ కొవ్వు చేపకు అరగదు.

దశ 4: చల్లటి నీళ్లు, తెల్లమచ్చలు

జత కుదిరాక అందరూ చెప్పే పనే చేసి చూశాను: నీళ్లలో 30 శాతం తీసి, 20 డిగ్రీల నీళ్లు పోయడం. ట్యాంక్ 28.5 నుంచి 26కి పడింది. గుడ్ల జాడ లేదు గానీ వారం తిరక్కుండా మగచేప రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలొచ్చాయి. ఇక్ అనే పరాన్నజీవి, చల్లదనంతో చేప నీరసపడ్డప్పుడు అందుకుంటుంది. మెల్లగా 30 డిగ్రీలకు పెంచి, లీటరుకు 2 గ్రాముల ఉప్పు వేసి, గాలి రెట్టింపు చేస్తే తగ్గింది. మచ్చలు కనబడకపోయినా వేడి ఇంకో వారం అలాగే ఉంచాలి. చేప మీదున్న దశలో దానికి ఏదీ తగలదు, విడిపోయి నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది.

అప్పుడు నైట్రేట్ (చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో పేరుకునేది) కొలిస్తే 60 పీపీఎం. వారం వారం 30 శాతం నీళ్లు మారుస్తున్నా 60 దగ్గరే ఎందుకు ఆగింది? లెక్క సులువు. వారంలో ట్యాంక్ తయారుచేసే నైట్రేట్‌ని మార్చే నీళ్ల వంతుతో భాగిస్తే, మార్పుకి ముందు ఏ అంకె దగ్గర స్థిరపడుతుందో వస్తుంది. నా ట్యాంక్ వారానికి 18 పీపీఎం పెంచుతోంది.

- వారానికి 30 శాతం: 18 ÷ 0.3 = 60
- వారానికి 50 శాతం: 18 ÷ 0.5 = 36
- వారానికి రెండుసార్లు 50 శాతం: 9 ÷ 0.5 = 18

ఈ మూడు వరుసలు చూశాక మందులు, చిట్కాలు అన్నీ పక్కన పెట్టేశాను. మీ ట్యాంకులో మార్పు జరిగిన వెంటనే ఒకసారి, వారం తర్వాత ఒకసారి కొలవండి. తేడాయే మీ అంకె. మీ కుళాయి నీళ్లలోనే నైట్రేట్ ఉంటే దాన్ని ఈ జవాబుకి కలుపుకోవాలి.

18ని తగ్గించడం ఇంకో పని. క్యానిస్టర్లు విప్పితే అడుగున చిక్కటి మడ్డి. ఫిల్టర్ పట్టుకున్న చెత్త ట్యాంకులోంచి బయటికి పోయినట్టు కాదు, నీళ్లు దాని మీదుగానే పారుతుంటాయి. పీల్చే గొట్టం దగ్గరి స్పాంజ్‌ని వారానికోసారి, క్యానిస్టర్‌ని నెలకోసారి, ట్యాంక్ నుంచి తీసిన నీళ్లతోనే కడగడం మొదలుపెట్టాక వారం పెరుగుదల 12కి దిగింది. రెండుసార్లు సగం సగం మారిస్తే మార్పుకి ముందు కూడా 12 దాటలేదు.

ఉప్పు వేసిన ట్యాంక్ కాబట్టి టీడీఎస్ కొలిస్తే అంకె బాగా ఎక్కువ చూపిస్తుంది. ఈ మార్పులతోనే ఉప్పు కడిగేసి, ఆ తర్వాత 380 దగ్గర మొదలుపెట్టాను. మార్చే నీళ్లు సగం కుళాయి, సగం ఆర్‌ఓ: (310 + 15) ÷ 2 = 162. మొదటి మార్పుకి 271, తర్వాత దాదాపు 217, తర్వాత 190.

లెక్క: నైట్రేట్ 60 నుంచి 12. టీడీఎస్ 380 నుంచి 190. కేహెచ్ 4. వారానికి మారే నీళ్లు 520 లీటర్లు, అందులో ఆర్‌ఓ 260. ఫలించిన గుడ్లు: 0.

దశ 5: ఎండాకాలం, ఆ తర్వాతే వాన

అమెజాన్‌లో మనౌస్ దగ్గర నది ఏటా సుమారు 10 మీటర్లు ఎక్కి దిగుతుంది. నీళ్లు ఎక్కినప్పుడు అడవి మునుగుతుంది, తిండి దొరుకుతుంది, దాక్కోవడానికి చోటు పెరుగుతుంది. అక్కడి చాలా చేపలు గుడ్లు పెట్టేది ఈ ఎక్కే కాలంలోనే. అంటే సంకేతం చల్లదనం ఒక్కటే కాదు. లోతు పెరగడం, లవణాలు పలచబడటం, తిండి పెరగడం కూడా కలిసి వస్తాయి. ఎండాకాలమే చూపించని ట్యాంకులో వాన కురిపిస్తే తేడా ఏం తెలుస్తుంది? నేను చేసిన క్రమం ఇది.

ఎండాకాలం, ఓ నెల:

1. నీటిమట్టం 12 సెం.మీ. దించాను. మిగిలింది దాదాపు 400 లీటర్లు.
2. వేడి 28.5 దగ్గర.
3. తిండి సగం. దీనివల్ల నైట్రేట్ పెరుగుదల కూడా తగ్గుతుంది, కాబట్టి వారానికి 25 శాతం మార్పు చాలు. నైట్రేట్ 30 పీపీఎం దాటితే ఈ నాటకం ఆపేయాలి.
4. మార్చింది కుళాయి నీళ్లతోనే. టీడీఎస్ 290కి చేరింది.

వాన:

1. ఒక వంతు కుళాయి, మూడు వంతులు ఆర్‌ఓ కలిపితే టీడీఎస్ దాదాపు 90. వేడి 23 డిగ్రీలు.
2. మొదటి రోజు ఏమీ తీయకుండా 120 లీటర్లు పోశాను. చిల్లుల గొట్టంలోంచి సన్నటి ధారలుగా, గంటకు పైగా. మట్టం పైకొచ్చింది, వేడి 28.5 నుంచి 27.2కి దిగింది. ఈ పాటి తగ్గుదలకు తెల్లమచ్చలు రాలేదు.
3. హీటర్లు 26కి తిప్పి, రోజు విడిచి రోజు 100 లీటర్లు తీసి 100 పోశాను. టీడీఎస్ 244, 214, 190, 171.
4. తిండి పూర్తిగా, రోజూ వానపాములు.
5. కేహెచ్ 3కి రాగానే ఆర్‌ఓ వంతు తగ్గించేశాను. కేహెచ్ అయిపోతే పీహెచ్ ఒక్కసారిగా కూలుతుంది, ఫిల్టర్ బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది. మెత్తటి నీళ్ల మోజులో ట్యాంకులు పోయేది ఇక్కడే.

చివరి మార్పు తర్వాత రెండు గొట్టాలూ దిగాయి: ఒకటి మొద్దు, ఒకటి సన్నం. పలక తోమడం మొదలవగానే హీటర్లు మెల్లగా 28కి.

వాయుపీడనం పడినప్పుడు పెడతాయని కొందరు అంటారు. బారోమీటర్ అంకెలు కూడా రాసుకున్నాను గానీ నా కాగితాల్లో దానికీ గుడ్లకీ పొంతన కుదరలేదు.

లెక్క: వానకు పట్టిన నీళ్లు 420 లీటర్లు, అందులో ఆర్‌ఓ 315. పీహెచ్ 6.8. వేడి 28.

దశ 6: గుడ్లు

ఆడది వరుసలుగా పెడుతూ పోతుంది, మగది వెనకాలే వస్తుంది. గంటల పని. కొత్తగా పెట్టిన ఆస్కార్ గుడ్లు తెల్లగా, గుడ్డిగా ఉంటాయి. ఇవన్నీ చెడినవే అనుకుని మొదటి రోజే పారేసేవాళ్లున్నారు. ఫలించినవి ఒక రోజులో పారదర్శకంగా మారతాయి. ఆడ-ఆడ జత గుడ్లయితే తెల్లగానే ఉండి, మర్నాటికి బొచ్చు పట్టాయి.

మొదటి విడత గుడ్లు తెల్లారేసరికి లేవు. రాత్రి గదిలో లైటు వేసి ఆర్పినప్పుడు చేపలు బెదిరి తినేశాయి. అప్పట్నుంచి ట్యాంకుకి దూరంగా చిన్న బల్బు రాత్రంతా వెలుగుతుంది. ఇంకో విడత పొదిగే దాకా వచ్చింది. పిల్లల్ని నోటితో మోసి ఇసుక గుంటలో దాచాయి కూడా. నేను సైఫన్ గొట్టం దించగానే గుంట ఖాళీ. ఆ తర్వాతి విడతకు పలకను తీసేయాలనే నిర్ణయించాను. తల్లిదండ్రులు కాపు కాస్తుంటే చూడటం బాగుంటుంది గానీ, పిల్లలు కావాలంటే పలక తీయక తప్పదు.

1. గుడ్లు పెట్టడం పూర్తయ్యాక కొన్ని గంటలు ఆగి, జాలీ దించి చేపల్ని ఒకవైపుకి తోలాను. చేయి కొరుకుతాయి, మందపాటి గ్లౌజు అవసరం.
2. టబ్బుని ట్యాంకులోనే ముంచి, పలకని నీళ్లలో ఉండగానే అందులోకి జరిపాను. గుడ్లకు గాలి తగలలేదు.
3. 40 లీటర్ల పెట్టె, నీళ్లు ఆ ట్యాంకువే, 28 డిగ్రీలు. పలక నిటారుగా వాల్చి, పక్కనే ఎయిర్‌స్టోన్. బుడగలు గుడ్లకు తగలకూడదు, నీళ్లు మాత్రం వాటి మీదుగా కదలాలి.
4. బూజు పట్టకుండా మెథిలీన్ బ్లూ అనే నీలం మందు లీటరుకు 2 మి.గ్రా. ఫిల్టర్ పెట్టలేదు, ఈ మందు దాని బ్యాక్టీరియాను చంపుతుంది.
5. రోజుకి రెండుసార్లు తెల్లబడ్డ గుడ్లు సన్న గొట్టంతో పీల్చేశాను. బూజు పక్క గుడ్డుకి పాకుతుంది.

గుడ్ల లెక్కకు ఫోటో చాలు. ఫోటోలో నాలుగు చోట్ల చదరపు సెంటీమీటరు గీసి లెక్కపెడితే సగటు 18. గుడ్లున్న జాగా 70 చదరపు సెం.మీ. అంటే 1,260.

లెక్క: గుడ్లు 1,260. తీసేసిన తెల్లవి దాదాపు 250. మిగిలినవి 1,000 పైచిలుకు.

దశ 7: పిల్లలు

మూడో రోజు పొదిగాయి. తోకలు ఆడిస్తూ కుప్పలుగా పడి ఉంటాయి, పొట్టకింద సొన సంచి కరిగేదాకా తిండి అడగవు. మందు నీళ్లు కొంచెం కొంచెంగా మార్చి, నీలం పోయాక, పెద్ద ట్యాంకులో ముందునుంచీ నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్ పెట్టాను. కొత్త స్పాంజ్ ఇక్కడ పనికిరాదు.

ఈదడం మొదలవగానే తిండిగా బ్రైన్ ష్రింప్ (ఎండు గుడ్ల నుంచి పొదిగించే ఉప్పునీటి చిన్న రొయ్యలు) కావాలి, వాటిని పొదిగించడం ఆరోజు మొదలుపెడితే ఆలస్యమే. లీటరు నీళ్లకు 25 గ్రాముల ఉప్పు, చిటికెడు వంటసోడా, 28 డిగ్రీలు, గట్టి గాలి, లైటు. ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపితే పెంకులు తేలతాయి, ష్రింప్ పిల్లలు అడుగున వెలుతురు వైపు చేరతాయి. అడుగు నుంచి తీసి, గుడ్డలో వడకట్టి వేయాలి. పెంకులు వెళ్తే చేపపిల్లల పేగుల్లో అడ్డం పడతాయి. పొట్టలు నారింజ రంగులో కనబడితే తిన్నట్టు.

ఎక్కువ చావులు జరిగింది తిండి తక్కువై కాదు, నీళ్లు తక్కువై. 40 లీటర్లలో 850 పిల్లలు, రోజుకి నాలుగుసార్లు తిండి. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం అమోనియా 0.5 చూపించిన రోజు వందకు పైగా పోయాయి. పెట్టెని 100 లీటర్లకు మార్చి, రోజూ సగం నీళ్లు, పెద్ద ట్యాంక్ నుంచే తీసి, అదే వేడిలో మార్చాక ఆగింది. సైజు తేడా వచ్చాక పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి. ఒక సెంటీమీటరు దాటగానే జాలీతో రెండు రకాలుగా వేరు చేయాల్సిందే.

లెక్క: ఈదినవి 850. ఒక సెంటీమీటరుకి 610. మూడు సెంటీమీటర్లకి 380.

380 అనేది విజయం లాంటి అంకె కాదు, సమస్య. ఒక్కో ఆస్కార్ ఇంట్లో 30 సెం.మీ. దాకా పెరుగుతుంది, పదేళ్లు పైగా బతుకుతుంది. తీసుకునేవాళ్లు ముందే ఖాయమైతే తప్ప పలక బయటికి తీయకండి. చెరువులో, కాలువలో వదలడం అనే ఆలోచనే వద్దు. ఫ్లోరిడా నీళ్లలో అలా చేరిన ఆస్కార్లు ఇప్పటికీ అక్కడే సంతానం పెంచుకుంటున్నాయి. నా దగ్గర 60కి మించి పెంచే చోటు లేదు, మిగతావి పెద్ద ట్యాంకులున్నవాళ్లకే, ఒక్కొక్కరికి కొన్ని చొప్పున వెళ్తున్నాయి.

దశ 8: ఆపడం

మొదలుపెట్టించడం కన్నా ఆపించడం కష్టంగా ఉంది. మూడు నాలుగు వారాలకొకసారి ఆడచేప మళ్లీ సిద్ధం. పొట్ట లోపలికి పోయి, వీపు సన్నబడింది. పలక తీసేస్తే ఫిల్టర్ గొట్టం మీద పెట్టింది. ఇప్పుడు జాలీ దించి రెండింటినీ వేరు చేశాను. వేడి 25, ఆర్‌ఓ బంద్, కుళాయి నీళ్లతోనే వారానికి రెండు మార్పులు. టీడీఎస్ మళ్లీ 300 వైపు ఎక్కుతోంది. ఆడదానికి తిండి పూర్తిగా, మగదానికి ముప్పావు. ఆడదాని వీపు నిండేదాకా జాలీ తీయను. గుడ్లు వస్తే మాత్రం ఈసారి వాటి జోలికి వెళ్లకుండా చేపలకే వదిలేస్తాను.